నివురు దులిపితేనే రుచి!

సాయంత్రం ఆరు దాటిందంటే ఆదోని వీధుల్లో ఓ వాసన బయల్దేరుతుంది. మార్కెట్ యార్డు నుంచి వచ్చే పత్తి బండ్ల దుమ్ము కాస్త సద్దుమణుగుతుంది. దీపాలు వెలుగుతాయి. ఎక్కడో విసనకర్ర టపటపలాడుతుంది. నిప్పుల మీద కొవ్వు చుక్క పడి చుయ్యిమంటుంది. అంతే... ఇంటికి పోవాల్సిన స్కూటరు కాస్తా సీకు కబాబు బండి ముందు ఆగిపోతుంది! నాన్న చెయ్యి పట్టుకుని నిలబడ్డ పిల్లాడికి కనిపించేది ఎర్రటి నిప్పులూ, వాటి మీద తిరిగే ఇనుప సీకులే. ఆ నిప్పు రాజెయ్యడానికి ముందు జరిగే పని మాత్రం ఎవరి కంటా పడదు.

నిన్నటి బూడిద ఎత్తిపొయ్యాలి. సిగిడీ అడుగున గాలి వచ్చే కంతలు పూడుకుపోయాయేమో చూడాలి. సీకులకు అంటుకున్న మసాలా గీకాలి. కడిగి, ఆరబెట్టి, నూనె గుడ్డతో ఒక్కసారి తుడవాలి. ఆ తర్వాతే బొగ్గు. ఇది ఒక్కరోజు మానేస్తే ఏమవుతుంది? మాంసం సీకును వదలదు. విరిగి నిప్పుల్లో పడుతుంది. పడిన ప్రతి కబాబూ బండివాడి జేబుకు చిల్లే. అందుకే రుచి గురించి ఎన్ని కబుర్లు చెప్పినా, బండి నడిచేది శుభ్రత మీదే.

ఇదంతా బజారు సంగతి. మరి ఇంటి సంగతో?

మిద్దె మీద కొత్త చుట్టం

ఒకప్పుడు మన ఇళ్లలో నిప్పుల మీద కాల్చడం కొత్తేమీ కాదు. జొన్నరొట్టెను పెనం మీంచి తీసి నిప్పుల మీద పొంగించారు. వంకాయ కాల్చి పచ్చడి నూరారు. వానాకాలంలో మొక్కజొన్న పొత్తుల్ని కుంపటి మీద తిప్పారు. గ్యాసు పొయ్యి వచ్చాక కుంపటి అటకెక్కింది. ఇప్పుడదే కుంపటి పేరు మార్చుకుని, కాళ్లూ మూతా తగిలించుకుని, అట్టపెట్టెలో ఇంటికొస్తోంది. దాని పేరు బార్బెక్యూ గ్రిల్!

ఈ మూత కథ కూడా సరదాగా ఉంటుంది. అమెరికాలోని షికాగో దగ్గర వెబర్ బ్రదర్స్ అనే ఇనుప పనుల కర్మాగారంలో జార్జ్ స్టీఫెన్ అనే ఆయన ఉండేవాడు. నీళ్లలో తేలే గుర్తు బోయాలకు కావలసిన ఇనుప గుండ్లు అక్కడ తయారయ్యేవి. గాలికి నిప్పులు చెదిరి, బూడిద కూరలో పడుతోందని విసిగిపోయిన స్టీఫెన్ 1952లో ఓ గుండును రెండు చెక్కలు చేశాడు. కింది చెక్కకు కాళ్లు, పై చెక్కకు పిడి పెట్టాడు. ఇవాళ బొగ్గుల గ్రిల్లు అనగానే కళ్లముందు మెదిలే గుండ్రటి ఆకారం అలా పుట్టిందే.

ఎమ్మిగనూరులో ఓ ఇల్లు అనుకుందాం. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న కొడుకు జనవరిలో నీలకంఠేశ్వర స్వామి జాతరకు వస్తూ, ఆ ముచ్చటేదో ఇంట్లోవాళ్లకూ చూపిద్దామని ఓ గ్రిల్లు తెచ్చాడు. జాతర సందడి తీరాక ఓ రాత్రి మిద్దె మీద అందరూ చేరారు. ఒకవైపు కోడి ముక్కలు, మరోవైపు వంకాయలు. అవ్వకు ప్రత్యేకంగా మొక్కజొన్న పొత్తు. బ్రహ్మాండంగా గడిచింది. మర్నాడు కొడుకు బస్సెక్కాడు. గ్రిల్లు మిద్దె మీదే ఉండిపోయింది... లోపల బూడిదతో, జాలీకి అంటిన జిడ్డుతో! ఎండాకాలం పోయింది. జూన్‌లో తొలకరి కురిసింది. దసరాకు కొడుకు మళ్లీ వచ్చి మూత తీస్తే ఏముంది? అడుగురేకు ఎర్రగా పొరలు పొరలుగా ఊడొస్తోంది.

‘‘వానలో పెడితే ఇనుము బతుకుతాదా నాయనా?’’ అంటుంది అవ్వ. పాత ఇనుప సామాను కొనేవాడికి వెయ్యడమేనా? అక్కర్లేదు. దాన్ని బతికించుకోవచ్చు. అయితే ముందు అది ఎందుకు చెడిపోయిందో తెలియాలి.

బూడిదే అసలు దొంగ

వాన ఒక్కటే అయితే ఇంత నష్టం జరిగేది కాదు. బూడిదకు గాలిలోని చెమ్మను పీల్చుకునే గుణం ఉంది. అందులో క్షారం ఉంటుంది. తడిసిన బూడిద రేకుకు ముద్దలా పట్టుకుని రోజుల తరబడి ఆరకుండా ఉంచుతుంది. దానికి మసాలాలోని ఉప్పు, నిమ్మరసం తోడైతే తుప్పుకు పండగే! అందుకే గ్రిల్లు వాడిన ప్రతిసారీ, పూర్తిగా చల్లారాక బూడిద ఎత్తేయడం మొదటి నియమం. మిగిలినవన్నీ దాని తర్వాతే.

చిత్రం ఏమిటంటే ఇదే బూడిద తోముడుకు మంచి సరుకు కూడా. పాతరోజుల్లో బోకులు తోమింది దేంతో? బూడిద, కొబ్బరిపీచుతోనే కదా! బూడిదలోని క్షారం జిడ్డుతో కలిసి సబ్బులాంటి పదార్థంగా మారుతుంది. అందుకే జిడ్డు వదులుతుంది. చల్లారిన జాలీని, సీకుల్ని మెత్తటి బూడిదతో తోమి, వెంటనే కడిగేస్తే చాలు. కట్టెబొగ్గు బూడిదనే వాడాలి. రంగు వేసిన చెక్కలు, ప్లైవుడ్ ముక్కలు కాల్చిన బూడిద పనికిరాదు. అలాంటి చెక్కల్ని గ్రిల్లులో కాల్చనూ కూడదు. చేతులకు తొడుగులు వేసుకుంటే క్షారానికి చర్మం మండదు.

మసి వేరు... పదును వేరు

‘జాలీ ఎంత నల్లబడితే అంత రుచి’ అనే మాట చాలామంది నోట వినిపిస్తుంది. అందులో సగమే నిజం. నలుపులో రెండు రకాలున్నాయి. దోసెల పెనం మీద ఏళ్ల తరబడి వాడగా వచ్చే నున్నటి నలుపు ఒకటి. అది నూనె వేడికి గట్టిపడి ఇనుముకు అతుక్కున్న పలచని పొర. తుప్పును ఆపుతుంది. తిండి అంటుకోకుండా చూస్తుంది. దాన్ని పోగొట్టుకోకూడదు.

రెండోది గోరుతో గీకితే పెచ్చులుగా రాలే నలుపు. మాడిన కొవ్వు, మసాలా, మసి కలిసి కట్టిన పెంకు అది. అందులో రుచి లేదు. అది మళ్లీ కాలితే చేదు పొగ వస్తుంది. పెచ్చులు ఊడి తిండికి అంటుకుంటాయి. పైగా కొవ్వు నిప్పుల మీద పడి కాలినప్పుడు వచ్చే పొగలో బెంజోపైరీన్ వంటి హానికర పదార్థాలు ఉంటాయి. అవి తిండి మీద పేరుకుంటాయి. ఎప్పుడో ఒకసారి కాల్చుకు తింటే భయపడిపోనక్కర్లేదు కానీ, పాత కొవ్వును అలాగే ఉంచి ఆ పొగను పెంచుకోవడం ఎందుకు? మూత లోపల వేలాడే నల్లటి పొరలు కూడా ఇలాంటివే. రంగు ఊడిందేమోనని కంగారు పడొద్దు. పాత కాగితంతో రుద్దితే రాలిపోతాయి.

వేడి మీదే సగం పని

జిడ్డు చల్లారితే గట్టిపడుతుంది. అందుకే తెలివైన వాళ్లు జాలీ వేడిగా ఉన్నప్పుడే పని మొదలుపెడతారు. వంట అయ్యాక మిగిలిన నిప్పుల మీద జాలీని ఓ పది నిమిషాలు ఖాళీగా ఉంచండి. అంటుకున్న ముక్కలు మాడి పొడిబారతాయి. తర్వాత పొడుగు పిడి ఉన్న చెక్క గోకుడుతో కమ్మీల వెంట గీకండి. చెక్క నాలుగైదుసార్లు వాడేసరికి కమ్మీల ఆకారంలో గాళ్లు పడి ఇంకా బాగా గీకుతుంది. అది లేకపోతే ఉల్లిగడ్డను అడ్డంగా కోసి, పొడుగు ఫోర్కుకు గుచ్చి, కోసిన వైపుతో వేడి జాలీని రుద్దండి. ఉల్లిలోని తడి ఆవిరై జిడ్డును మెత్తబరుస్తుంది.

మరి ఇనుప తీగల బ్రష్షు? ఇక్కడే జాగ్రత్త పడాలి. దాని తీగలు వేడికి, వాడకానికి ఊడిపోతాయి. వెంట్రుకంత సన్నటి తీగ జాలీకి అంటుకుని, అక్కడి నుంచి ముక్కలోకి, ముక్క నుంచి గొంతులోకి పోతుంది. ఇది ఉత్త ఊహ కాదు. అమెరికాలోని ప్రావిడెన్స్ నగరంలో 2011 మార్చి నుంచి 2012 జూన్ లోపు ఆరుగురు ఇలాగే తీగలు మింగి ఆసుపత్రికి చేరారని అక్కడి వ్యాధి నియంత్రణ, నివారణ కేంద్రం 2012లో ప్రకటించింది. కొందరికి గొంతులో గుచ్చుకుంది. కొందరికి పేగుల్లో దిగింది. 2002 నుంచి 2014 వరకు ఆ దేశంలో సుమారు 1,698 మంది ఇదే కారణంతో అత్యవసర చికిత్సకు వెళ్లి ఉంటారని 2016లో వెలువడిన మరో పరిశోధన అంచనా వేసింది. మన వంటింట్లో బోకులు తోమే స్టీలు పీచుదీ ఇదే స్వభావం. తప్పనిసరై వాడితే, తర్వాత తడి గుడ్డతో జాలీని రెండువైపులా తుడవండి. వెలుతురులో పట్టి చూడండి. తిన్న తర్వాత పిల్లలు గొంతులో ఏదో గుచ్చుకుంటోందని ఏడిస్తే అన్నం ముద్ద మింగించి ఊరుకోవద్దు. గ్రిల్లును తీగల బ్రష్షుతో తోమామన్న విషయం డాక్టరుకు తప్పక చెప్పాలి.

సీకులకూ ఓ పద్ధతుంది. రాత్రంతా నీళ్లలో నానబెట్టి పొద్దున తోముదామనుకుంటే తుప్పు ముందుగా నిద్రలేస్తుంది! వంట అయిన గంటలోపే వేడినీళ్లలో కాసేపు ఉంచి, తోమి, గుడ్డతో తడి లేకుండా తుడవండి. పచ్చి మాంసం గుచ్చిన చేత్తో కాలిన కబాబు తియ్యకండి. పచ్చి ముక్కలు పెట్టిన పళ్లెంలో కాలినవి వెయ్యకండి.

తుప్పు పడితే...

ఇప్పుడు ఎమ్మిగనూరు మిద్దె మీది గ్రిల్లు దగ్గరికొద్దాం. ముందు స్క్రూ డ్రైవరు మొనతో అడుగురేకును అక్కడక్కడా గట్టిగా నొక్కి చూడండి. మొన దిగబడితే రేకు తినేసినట్టే. నిప్పులు కిందికి జారే ప్రమాదం ఉంది కాబట్టి అలాగే వాడకూడదు. వెల్డింగు షాపులో కొత్త అడుగురేకు వేయించుకోవచ్చు. రేకు గట్టిగా ఉంటే ఇంట్లోనే బాగు చెయ్యొచ్చు.

వదులుగా ఉన్న తుప్పును గీకి, ఉప్పుకాగితంతో రుద్దండి. లోహం కనిపించేదాకా ఓపిక పట్టాలి. దుమ్ము తుడిచి, సబ్బునీళ్లతో కడిగి, వెంటనే ఎండలో ఆరబెట్టండి. మన ఎండలకు ఎంతసేపు పడుతుంది కనుక! తర్వాత వేరుశనగ నూనెను గుడ్డతో పలచగా రాయండి. రాసిన నూనెను మళ్లీ పొడిగుడ్డతో తుడిచెయ్యండి. ఇదేం చోద్యం అనుకోవద్దు. నూనె దళసరిగా ఉంటే గట్టిపడదు, బంకలా సాగుతుంది. ఇప్పుడు నిప్పుల మీద పొగ ఆగేదాకా కాల్చండి. ఇలా మూడు నాలుగుసార్లు చేస్తే నున్నటి నల్లపొర ఏర్పడుతుంది. కొత్త దోసెల పెనానికి చేసే పనే ఇది. వాడిన నూనె గుడ్డల్ని ఉండచుట్టి బొగ్గుల సంచి పక్కన పడెయ్యొద్దు. అవి వాటంతటవే వేడెక్కి అంటుకునే అవకాశం ఉంది. విడదీసి బయట ఆరబెట్టాలి.

ఈ పద్ధతి మామూలు ఇనుముకు, పోత ఇనుముకు మాత్రమే. పింగాణీ పూత ఉన్న జాలీని ఉప్పుకాగితంతో రుద్దితే పూత పోతుంది. దాన్ని సబ్బునీళ్లతో, మెత్తటి పీచుతో కడగడమే. స్టీలు జాలీకి నిమ్మచెక్క, ఉప్పు చాలు.

జాలీ పాడైందని కిటికీకి కొట్టే జి.ఐ. తీగల జాలీని కత్తిరించి పెట్టేవాళ్లూ ఉన్నారు. అది చాలా తప్పు. తెల్లగా మెరిసే ఆ పూత జింకు. సుమారు 420 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. ఎర్రటి నిప్పుల వేడి అంతకన్నా ఎక్కువే. జింకు పొగ పీలిస్తే చలిజ్వరం, తలనొప్పి, వాంతులు వస్తాయి. తిండి వండే జాలీకి పూత లేని ఇనుమో, స్టీలో వాడాలి.

ఇక గ్యాసుతో వెలిగే గ్రిల్లయితే బర్నరు కంతల్లో జిడ్డు పూడుకోకుండా సన్న పుల్లతో పొడవాలి. రబ్బరు పైపుకు సబ్బు నురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. పైపు మీద ముద్రించిన గడువు దాటితే మార్చెయ్యాలి.

బొగ్గు మంచిదైతే...

శుభ్రత సగం బొగ్గులోనే ఉంది. చెరువు గట్లమ్మట, బీడు భూముల్లో ఎటుచూసినా కనిపించే సర్కారు తుమ్మ, మన భాషలో కంపచెట్టు, మంచి బొగ్గునిస్తుంది. ఈ చెట్టు మనది కాదు. అమెరికా ఖండాల నుంచి వచ్చింది. 1870ల్లో కడప జిల్లా కమలాపురంలో నాటించారు. తర్వాత పొలాల్లోకీ చొరబడి రైతుకు తలనొప్పి అయింది. అయితే దాని కట్టె గట్టిది. పేర్చి, మట్టి కప్పి, గాలి ఆడీ ఆడకుండా కాలిస్తే బరువైన బొగ్గవుతుంది. నిప్పు చాలాసేపు నిలుస్తుంది.

బొగ్గు కొనేటప్పుడు రెండు ముక్కల్ని ఒకదానితో ఒకటి తట్టి చూడండి. ఖంగుమంటే బాగా కాలినట్టు. మెత్తగా శబ్దం వస్తే చెమ్మ ఉందనో, లోపల పచ్చికట్టె మిగిలిందనో అనుమానించాలి. అది మండితే పొగ ఎక్కువ, మసి ఎక్కువ. తోముడూ ఎక్కువే. సంచి అడుగున మిగిలే పొడి బొగ్గు గాలి కంతల్ని పూడ్చేస్తుంది కాబట్టి జల్లించి వాడండి. కిరోసిన్, పెట్రోలు పోసి రాజెయ్యొద్దు. ప్రమాదం అటుంచితే ఆ వాసన జాలీని పట్టుకుని వదలదు. కొబ్బరి పీచు, ఎండు చిప్పలు చాలు.

నివురుగప్పిన నిప్పు

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి చివరికి మిగిలింది. వెనకటి రోజుల్లో అగ్గిపుల్ల దండగ కాకుండా రాత్రిపూట నిప్పుల మీద బూడిద కప్పేవారు. తెల్లారి ఆ నివురు దులిపి, ఊదితే పొయ్యి రాజుకునేది. అంటే పైకి చల్లగా కనిపించే బూడిద లోపల రాత్రంతా నిప్పు బతికే ఉంటుందన్నమాట! ఆ సంగతి తెలిసిన తరం వెళ్లిపోతోంది. ఇప్పటి పిల్లలు వంట కాగానే బూడిదను అట్టపెట్టెలోకో, ప్లాస్టిక్ బకెట్టులోకో ఎత్తి మెట్ల కింద పెడుతున్నారు.

ఆదోని పత్తి ఊరు. జిన్నింగు మిల్లులున్న ఊరు. దూదికి నిప్పురవ్వ సోకితే ఏమవుతుందో అక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఎమ్మిగనూరు నేత ఊరు. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘాన్ని నెలకొల్పినప్పటి నుంచీ నూలుకు, బట్టకు పేరు. ఇంట్లోనే మగ్గం, పక్కనే నూలు చిలపలు ఉండే చోట మిద్దె మీంచి ఎగిరే ఒక్క రవ్వ చాలు. ఏడాది కష్టం బూడిదవుతుంది. అందుకే గాలి వీచే రాత్రి గ్రిల్లు వెలిగించొద్దు. పక్కన ఓ బకెట్టు నీళ్లు, కాస్త ఇసుక ఉంచుకోండి. పని అయ్యాక మూత వేసి గాలి కంతలు మూసేస్తే నిప్పు ఊపిరాడక చస్తుంది. మర్నాడు చెయ్యి పైన ఆనించకుండా దగ్గరగా పెట్టి వేడి చూసి, మూతున్న ఇనుప డబ్బాలోకే బూడిద ఎత్తండి. రెండు రోజులు అలాగే ఉంచి అప్పుడు పారెయ్యండి. ఎర్రగా కాలిన గ్రిల్లు మీద నీళ్లు గుమ్మరించొద్దు. ఆవిరి మొహానికి కొడుతుంది. రేకు వంకరపోతుంది.

వాన వచ్చిందని, చలేస్తోందని రాజుకున్న గ్రిల్లును ఇంట్లోకి తెచ్చుకోవడం అంతకన్నా ప్రమాదం. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. తలుపులు మూసిన గదిలో నిద్రపోయినవాళ్లు నిద్రలోనే పోతారు. మంట కనిపించకపోయినా నిప్పు చల్లారేదాకా ఆ వాయువు వస్తూనే ఉంటుంది.

గుర్తుంచుకోండి

* వాడిన ప్రతిసారీ: జాలీ వేడిగా ఉన్నప్పుడే గీకాలి. సీకులు గంటలోపు కడగాలి. మర్నాడు బూడిద ఎత్తాలి.

* నెలకోసారి: గాలి కంతలు, మూత లోపలి భాగం, కాళ్ల నట్లు చూసుకోవాలి. వదులైన కాలు ఒరిగితే నిప్పులు పిల్లల మీద పడతాయి.

* తొలకరికి ముందు: పూర్తిగా కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించి నీడలోకి చేర్చాలి. తడి మీద పట్ట కప్పితే లోపల చెమ్మ నిలిచి తుప్పు పడుతుంది. పూర్తిగా ఆరాకే కప్పాలి.

* బొగ్గు సంచి నేల మీద కాకుండా పీట మీదో, ఇటుకల మీదో ఉంచాలి.

రాత్రి పదకొండు దాటాక ఆదోనిలో కబాబు బండి చుట్టూ జనం పలచబడతారు. ఆఖరి ప్లేటు వెళ్లిపోతుంది. విసనకర్ర పక్కకు పోతుంది. ఇక బండివాడి చేతిలోకి గోకుడు వస్తుంది. రేపటి కూలి ఆ గీకుడులోనే ఉందని అతడికి తెలుసు. ఎమ్మిగనూరు మిద్దె మీద గ్రిల్లుకు ఆ అగత్యం లేదు. అది సరదాకి తెచ్చుకున్నది. కానీ దాని చుట్టూ కూర్చునేది అవ్వ, మనవలు. ఈసారి కొడుకు జాతరకు వచ్చి వెళ్లేటప్పుడు బస్సు టైముకు ఓ గంట ముందు లేచి, బూడిద ఎత్తి, జాలీ తుడిచి వెళ్తే చాలు. దసరాకు వచ్చి మూత తీసినప్పుడు తుప్పు కనిపించదు. అవ్వకు ఇంకో పొత్తు కాల్చి పెట్టొచ్చు!